నాలుక అడగని ప్రశ్న

నీళ్లకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లు వింటే ముచ్చటగా ఉంటుంది. మంచినీళ్లు, ఉప్పునీళ్లు, చప్పనీళ్లు, చవిటినీళ్లు — ఊళ్లో ఉన్న ప్రతి బావికీ వీటిలో ఏదో ఒక పేరు దక్కి తీరుతుంది. కొత్తగా కాపరానికి వచ్చిన కోడలికి అత్తగారు మొట్టమొదట చెప్పే సంగతులలో ఇదొకటిగా ఉండేది: "ఇదుగో అమ్మాయీ, తాగడానికి ఆ బావి, వాడకానికి ఈ బావి." ఈ పేర్లన్నీ పెట్టినది నాలుక. పుడిసెడు నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి, "బాగున్నాయి" అనో, "ఉప్పగా ఉన్నాయి" అనో తీర్పు చెప్పడమే తరతరాలుగా మనకున్న పరీక్ష.

నాలుక మంచి పరీక్షకురాలే, సందేహం లేదు. కాని అది అడిగేది ఒకే ఒక ప్రశ్న: "ఈ నీళ్లలో ఎంత ఉప్పు ఉన్నది?" అడగవలసిన రెండో ప్రశ్న ఇంకొకటి ఉన్నది: "ఆ ఉన్నది ఏ ఉప్పు?" నీరు పులుపు వైపు మొగ్గుతుందా, చవుడు వైపు మొగ్గుతుందా, రెండింటికీ నడుమ నిలుస్తుందా అనేది తేల్చేది ఈ రెండో ప్రశ్నే. దానికి జవాబు తెలియని కాలంలో నల్లగొండ జిల్లాలోనూ, ఇప్పుడు ప్రకాశం జిల్లా అంటున్న ప్రాంతంలోనూ ఎందరో నడుములు వంగి, కీళ్లు బిగిసి మంచాన పడ్డారు. వాళ్లు తాగినవి ఉప్పునీళ్లు కావు. నాలుక "మంచివే" అని తీర్పు చెప్పిన నీళ్లు.

ఆ కథ చెప్పుకోవాలంటే ముందు వంటింట్లోంచి బయలుదేరాలి.

ఉప్పు అనేది ఇంటిపేరు

మనకు ఉప్పు అంటే కూరలో వేసుకునేది. శాస్త్రజ్ఞులకు మాత్రం ఉప్పు అనేది ఒక ఇంటిపేరు వంటిది. ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు. తినే ఉప్పు ఒకటి. వంటసోడా, బట్టల సోడా రెండూ ఉప్పులే. మురికినీళ్లు తేర్చే పటిక ఉప్పే. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు చల్లే నవాసారం ఉప్పే. విరేచనానికి వాడే భేదిఉప్పు, మతాబుల్లో కూరే సురేకారం కూడా ఆ ఇంటివాళ్లే. ఒక ఆమ్లమూ ఒక క్షారమూ కలిసినప్పుడు పుట్టేదల్లా ఉప్పు. గౌరవంగా పిలవాలంటే లవణం.

ఇంటిపేరు ఒకటైనంతమాత్రాన గుణాలు ఒకటి కావు. ఇది తెలుసుకోవటానికి ప్రయోగశాల అక్కరలేదు. పసుపు డబ్బా చాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో తెలియనివారు లేరు. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణీ అదే, దిష్టి తీసే ఎర్రనీళ్లూ అవే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది అనే రసాయన సూత్రాన్ని మన ముత్తైదువలు ఎన్ని తరాల నుంచో ఆచరిస్తూనే ఉన్నారు.

నాలుగు గాజు గ్లాసుల్లో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు పోసి, ఒకదానిలో తినే ఉప్పు, ఒకదానిలో వంటసోడా, ఒకదానిలో బట్టల సోడా, ఒకదానిలో పటికపొడి ఒక్కొక్క చెంచా చొప్పున కరిగించండి. నాలుగింటిలోనూ చిటికెడు పసుపు వేయండి. తినే ఉప్పు గ్లాసులో పసుపు పసుపుగానే ఉంటుంది. వంటసోడా గ్లాసులో కాస్త ఎరుపు తిరుగుతుంది. బట్టల సోడా గ్లాసు చూడగానే పారాణి గిన్నె గుర్తుకు వస్తుంది. పటిక గ్లాసులో పసుపు రంగు మారదు.

అయితే పటికా తినే ఉప్పూ ఒకటేనా అంటే, కాదు. పసుపుకు క్షారం కనపడుతుందిగాని పులుపు కనపడదు. పులుపును చూడాలంటే శంఖుపుష్పం కావాలి. నాలుగు నీలి శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలంగా దిగుతాయి. ఆ నీలం నీళ్లు తినే ఉప్పు గ్లాసులో పోస్తే నీలంగానే ఉంటాయి; సోడా గ్లాసులో పోస్తే ఆకుపచ్చకు తిరుగుతాయి; పటిక గ్లాసులో పోస్తే ఊదారంగు పడతాయి. నిమ్మరసం పిండినా రంగు తిరిగేది ఆ వైపే. పటిక గ్లాసులో మనం నిమ్మకాయ పిండలేదు. ఏ ఆమ్లమూ పోయలేదు. ఒక ఉప్పు వేశాం, అంతే. అయినా నీళ్లకు పులుపు వచ్చింది!

నీళ్ల గుట్టు

ఇది ఎట్లా జరిగింది? గుర్తు పెట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉన్నది. ఉప్పుకు ఆమ్లం ఒకవైపు, క్షారం ఒకవైపు తల్లిదండ్రుల వంటివనుకుంటే, ఇద్దరిలో బలమైనవారి పోలికే పిల్లకు వస్తుంది. తినే ఉప్పుకు హైడ్రోక్లోరికామ్లం, కాస్టిక్ సోడా తల్లిదండ్రులు. ఇద్దరూ మహాబలవంతులే గనుక ఎవరి పోలికా పైకి రాదు. బట్టల సోడాకు కాస్టిక్ సోడా బలమైనది, బొగ్గుపులుసు ఆమ్లం బలహీనమైనది. అందుచేత క్షారం పోలిక. పటికలోని అల్యూమినియం సల్ఫేటుకు గంధకామ్లం బలమైనది, అల్యూమినియం క్షారం బలహీనం, అందుచేత పులుపు. నవాసారంలో హైడ్రోక్లోరికామ్లం బలమైనది, అమ్మోనియా బలహీనం, అదీ పులుపే. కళాయివాళ్లు కాలిన గిన్నెలో నవాసారం చల్లగానే గిన్నెకు పట్టిన చిలుము వదిలిపోవడంలో రహస్యం ఇక్కడే ఉన్నది.

ఈ పోలిక గుర్తుకు మాత్రమే. అసలు గుట్టు నీళ్లలో ఉన్నది. నీటి అణువులు అన్నీ గట్టిగా కట్టుబడి ఉండవు. శుద్ధమైన నీటిలో ఏ క్షణాన చూసినా సుమారు 55 కోట్ల అణువులకు ఒక అణువు రెండుగా విడిపోయి ఉంటుంది. ఒక ముక్క ఉదజని అయాను — పులుపుకు కారణం అదే. రెండో ముక్క హైడ్రాక్సిల్ అయాను — క్షారగుణానికి కారణం అది. విడిపోయిన ప్రతి అణువు నుంచీ రెండూ ఒక్కొక్కటే వస్తాయి గనుక లెక్క సరిపోతుంది. నీరు తటస్థంగా ఉంటుంది.

ఇప్పుడు బట్టల సోడా కరిగిందనుకోండి. దానిలోని కార్బనేటుకు ఉదజని అంటే మహా ఆశ. నీటి దగ్గర నుంచి ఉదజని అయానును లాక్కుంటుంది. హైడ్రాక్సిల్ ఒంటరిగా మిగిలిపోతుంది. లెక్క తప్పింది, నీరు క్షారమైంది. పటిక కరిగితే దీనికి తలకిందులు. అల్యూమినియం అయాను తన చుట్టూ ఆరు నీటి అణువులను పట్టుకుని, వాటిలోని ఉదజని పట్టు సడలేటట్లు చేస్తుంది. ఆ వదులైన ఉదజని నీళ్లలోకి జారి పులుపు పుట్టిస్తుంది. తినే ఉప్పులోని సోడియానికీ క్లోరైడుకూ నీటి ముక్కలతో పేచీ లేదు. వచ్చి కూర్చుంటాయి, ఉప్పదనం ఇస్తాయి, లెక్క జోలికి పోవు.

కరిగిన ఉప్పు ఇట్లా అయానులుగా విడిపోతుందన్న ఊహను 1884లో స్వీడన్ దేశపు స్వాంటె అర్హీనియస్ తన పరిశోధన వ్యాసంలో మొదలుపెట్టాడు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో పరీక్షకులు ఆ వ్యాసానికి గొప్ప మార్కులేమీ వేయలేదు. 1903లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మరి ఆరేళ్లకు, 1909లో, కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ అనే రసాయనవేత్త పులుపును కొలవడానికి ఒక కొలబద్ద తయారుచేశాడు. దాన్నే పి.హెచ్. అంటాం. 7 దగ్గర తటస్థం. 7కు తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. ఒక్కొక్క మెట్టుకూ తేడా పదింతలు. 6 కంటే 5 పదింతలు పులుపు, 4 నూరింతలు పులుపు. కనుక ఆ కొలబద్ద మీద ఒక్క అంకె కదిలిందంటే చిన్న సంగతి కాదు.

సముద్రం చెప్పిన సాక్ష్యం

ఉప్పు ఎంత అన్నదానికీ నీటి గుణం ఏది అన్నదానికీ సంబంధం ఎంత తక్కువో సముద్రాన్ని అడిగితే చెబుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. దాని పి.హెచ్. 8.1 దరిదాపుల్లో ఉంటుంది. అంటే కాస్త క్షారం. ఇంత ఉప్పు ఉన్నది గనుక ఇంత క్షారం అనుకుంటే పొరపాటు. ఆ 35 గ్రాములలో ముప్పాతిక భాగానికి పైగా ఉన్నది తినే ఉప్పే; దానికి పులుపుతోనూ క్షారంతోనూ పని లేదని చెప్పుకున్నాం. సముద్రానికి ఆ గుణం ఇచ్చేది ముఖ్యంగా లీటరుకు గ్రాములో ఏడోవంతు కూడా సరిగా లేని బైకార్బనేటు. గంపెడు ఉప్పు చేయలేని పనిని చిటికెడు ఉప్పు చేస్తున్నదన్నమాట.

బైకార్బనేటుకు ఇంకో గొప్ప గుణం ఉన్నది. అది నీటికి కాపలాదారు. డిస్టిల్డ్ వాటరులో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పి.హెచ్. దబ్బున పడిపోతుంది. అవే నాలుగు చుక్కలు బైకార్బనేటు దండిగా ఉన్న బావినీళ్లలో వేస్తే అంత తేలికగా కదలదు. వచ్చిన పులుపును బైకార్బనేటు మింగి, బొగ్గుపులుసు గాలిగా మార్చి బయటికి పంపేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు దీనితో పని ఉన్నది.

రెండు చౌడులు

ఎంత ఉప్పు, ఏ ఉప్పు అన్న తేడాను మన రైతులు నాలుకతో కాక నాగలితో కనిపెట్టారు. చౌడునేలలన్నీ పైకి ఒక్కటిగానే కనిపిస్తాయి. కాని రైతు వాటికి రెండు పేర్లు పెట్టాడు. ఒకటి పాలచౌడు, రెండోది కారుచౌడు.

పాలచౌడు ఎండాకాలంలో పాలు ఒలకబోసినట్లు తెల్లగా పొంగుతుంది. దానిలో ఉన్నవి ఎక్కువగా క్లోరైడులు, సల్ఫేటులు. ఉప్పు విస్తారంగా ఉంటుందిగాని పి.హెచ్. 8.5 లోపే ఉంటుంది. దానికి మందు మంచినీళ్లే. మడి కట్టి, నీరు నిలగట్టి, మురుగుకాలువ గుండా తీసివేస్తూ ఉంటే ఉప్పు కడుక్కుపోతుంది.

కారుచౌడు సంగతి వేరు. కారు అంటే నలుపు. దానిలో సోడియం కార్బనేటు, బైకార్బనేటు ఉంటాయి. పి.హెచ్. 8.5 దాటి, ఒక్కొక్కచోట 10 దాకా పోతుంది. ఆ క్షారానికి నేలలోని కుళ్లిన ఆకూ అలమూ కరిగి పైకి నల్లగా తేలుతుంది. అందుకే ఆ పేరు. సోడియం పట్టిన బంకమట్టి విడివిడిగా చెదిరి నేల రంధ్రాలను మూసేస్తుంది. పైన పోసిన నీరు పైనే నిలుస్తుంది, లోపలికి ఇంకదు. పాలచౌడుకు చేసినట్లే దీన్నీ నీళ్లతో కడగబోతే పని జరగదు. దీనికి మందు మరొక ఉప్పు — జిప్సం. జిప్సంలోని కాల్షియం మట్టికి పట్టుకుని సోడియాన్ని విడిపిస్తుంది. కార్బనేటును సున్నపురాయిగా కట్టివేస్తుంది. సోడియం సల్ఫేటు రూపంలో కడుక్కుపోతుంది. ముందు జిప్సం, తరవాత నీళ్లు, ఆ తరవాత జీలుగ వంటి పచ్చిరొట్ట — ఇదీ వరస. ఉప్పు చేసిన చెడుపును ఇంకొక ఉప్పు బాగుచేస్తున్నది.

రజకులు పూర్వం బట్టలు ఉబ్బకు వేసేటప్పుడు వాడిన చవుడుమన్ను ఈ జాతిదే. సబ్బు పల్లెలకు రాకముందు మురికి వదలగొట్టిన క్షారం అది. రేవులో దేవుడైనది పొలంలో దయ్యమైంది.

మరి మంచి నేల కారుచౌడుగా ఎందుకు మారుతుంది? చాలాచోట్ల కారణం పారించే నీళ్లే. 1950లో ఈటన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి ఒక లెక్క చెప్పాడు. నీటిలోని కార్బనేటు, బైకార్బనేటులను ఒక పక్క వేసుకోండి. కాల్షియం, మెగ్నీషియంలను ఇంకో పక్క వేసుకోండి. రెండో పక్కది మొదటి పక్కదానిలో కొంత భాగాన్ని సున్నంగా కట్టేస్తుంది. ఇంకా మిగిలినదే నేలను చెరిచే సోడా. ఆ మిగులు లీటరుకు రెండున్నర మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీరు సేద్యానికి పనికిరాదని లెక్క. ఇట్లాంటి నీళ్లు తరచు నాలుకకు ఏమాత్రం చెడ్డగా తోచవు. పొలాన్ని చెరిచే ఆ సోడానీరే తాగేనీరుగా మనిషి ఒంట్లోకి పోతే ఏమవుతుందో చెప్పేదే నల్లగొండ కథ.

పులుపుగా దిగి, చవుడుగా తేలి

వాన చినుకు శుద్ధజలం అనుకుంటాం. నిజానికి అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకుని కాస్త పులుపుతోనే దిగుతుంది. ఏ కలుషితమూ లేని వాననీటికి పి.హెచ్. 5.6 దగ్గర ఉంటుంది. మట్టిలోకి ఇంకినప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే బొగ్గుపులుసు గాలి ఇంకా కలుస్తుంది. ఈ పులుపునీరు నల్లరాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నానుతూ రాతిని కొద్దికొద్దిగా కొరుకుతుంది. తన పులుపంతా రాతికి ధారపోసి, దాని బదులు సోడియం, కాల్షియం వంటివాటిని తెచ్చుకుంటుంది. బైకార్బనేటు నీటిలో మిగిలిపోతుంది. పులుపుగా దిగిన నీరు చవుడుగా తేలడం ఇట్లా జరుగుతుంది.

వానలు తక్కువై, ఎండలు ముదిరిన ప్రాంతాల్లో మరో సంగతి జరుగుతుంది. కాల్షియం సున్నపు గుళ్లుగా నేలలోనే కట్టుకుపోతుంది. నీటిలో సోడియం బైకార్బనేటు — అంటే మన వంటసోడా — ప్రబలుతుంది. ఇంతవరకు ఫరవాలేదు. కాని నల్లగొండ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. వాటిలో ఫ్లోరైటు అనేది కాల్షియం, ఫ్లోరైడు కలిసిన ఉప్పు. నీటిలో కాల్షియం దండిగా ఉన్నంతవరకు ఫ్లోరైటు తన రాతిలో తాను గట్టిగా కూర్చుంటుంది. కాల్షియం తగ్గితే కరగడం మొదలుపెడుతుంది. కాల్షియం నాలుగోవంతుకు పడిపోతే, అదే నీటిలో ఫ్లోరైడు రెండింతలు ఇమడగలదు. పైగా క్షారపు నీటిలోని హైడ్రాక్సిల్ అయాను ఆకారంలో ఫ్లోరైడుకు దగ్గరచుట్టం. అభ్రకం వంటి ఖనిజాల్లో ఫ్లోరైడు కూర్చున్న చోటును అది ఆక్రమించి ఫ్లోరైడును నీటిలోకి తోసేస్తుంది.

ఇక్కడ ఉన్న విచిత్రం గమనించారా? కాల్షియం ఎక్కువైన నీళ్లను మనం తిట్టుకుంటాం. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లగా సుద్ద పడుతుంది. కాల్షియం లేని సోడానీళ్లలో పప్పు వెన్నలా ఉడుకుతుంది, సబ్బు చక్కగా నురగలు కక్కుతుంది, నాలుకకూ ఇంపుగా ఉంటుంది. వంటమనిషి, చాకిరేవు, నాలుక ముగ్గురూ మెచ్చుకునే నీటిలోనే ఫ్లోరైడు పొంచి ఉండడానికి వీలెక్కువ!

మన దేశంలో ఈ జబ్బును మనుషులలో మొదట గుర్తించి వైద్యపత్రికకు ఎక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన జిల్లాలోకి వెళ్లాయి. అదే తరవాత ప్రకాశం జిల్లా అయింది. నల్లగొండ జిల్లాలో రోగులను పరీక్షించి ఏ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలు పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ వెన్ను బిగుస్తుంది; మెడ తిరగదు; మోకాళ్లు ముడవడం కష్టమవుతుంది. ముదిరిన తరవాత ఎముకను మునుపటిలా చేసే మందు లేదు. నీళ్లు మార్చడం ఒక్కటే మార్గం, అదీ పిల్లల విషయంలో ఆలస్యం కాకుండా.

పటిక చేసిన మేలు

నీళ్లు మార్చడానికి వీలు లేనప్పుడు ఏం చేయాలి? నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వారు దీనికి ఒక పద్ధతి కనిపెట్టి, 1975లో ప్రకటించారు. దానికి వారు పెట్టిన పేరు "నల్లగొండ పద్ధతి". జబ్బుతో ప్రపంచానికి తెలిసిన ఊరి పేరు మందుకు కూడా పెట్టడం ఉచితంగానే ఉన్నది.

ఆ పద్ధతికి కావలసినవి మూడు: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. పటిక నీటిలో కరిగి దూదిపింజల వంటి అల్యూమినియం తెట్టెగా మారుతుంది. ఆ తెట్టె ఫ్లోరైడును పట్టుకుని నిదానంగా అడుక్కు దిగుతుంది. కాని పటిక నీటిని పులుపు చేస్తుందని శంఖుపూలు మనకు ముందే చెప్పాయి. ఆ పులుపును మింగడానికి బావినీటి బైకార్బనేటు ఉన్నది — కాపలాదారు అన్నామే, ఆయనే. ఆయన ఒక్కడూ చాలని చోట సున్నం సాయం వస్తుంది. బ్లీచింగ్ పౌడరు సూక్ష్మజీవులను చంపడానికి. ఇంట్లో అయితే అడుగుకు కాస్త పైన కుళాయి బిగించిన బకెట్లో ఇవి కలిపి, నెమ్మదిగా తిప్పి, తేరనిచ్చి, పైనీటిని పట్టుకుంటారు. అడుగు తెట్టెను కదపరాదు.

చూడటానికి ఇది మన పెద్దలు వరదనీటిలో పటిక తిప్పినట్లే ఉంటుంది. కాని ఇక్కడ చేతి అంచనా పనికిరాదు. పటిక ఎంత వేయాలన్నది ఆ బావిలో ఫ్లోరైడు ఎంత, క్షారం ఎంత అన్న రెండు లెక్కల మీద ఆధారపడుతుంది. పటిక తక్కువైతే ఫ్లోరైడు పోదు. ఎక్కువై, సున్నం తగ్గితే నీరు పులిసి, అల్యూమినియం నీటిలోనే మిగులుతుంది. ఒక ఊరి బావికి రాసిచ్చిన కొలత పక్క ఊరి బావికి పనికిరాకపోవచ్చు. "ఏ ఉప్పు?" అని అడగకుండా వైద్యం కూడా చేయలేమన్నమాట.

తరవాతి కాలంలో ఈ ప్రాంతాలకు నదీజలాలు తెచ్చే పథకాలు వచ్చాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఇళ్లకు పంపడానికి తలపెట్టినది. నదినీరు ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నానదు గనుక ఈ బెడద దానికి తక్కువ. అయినా కుళాయి రాని రోజున చేయి పోయేది బోరింగు మీదికే. బోరు ఎంత లోతుకు దిగితే నీరు రాతితో అన్ని ఏళ్లు కాపరం చేసి ఉండవచ్చునన్నది మరవకూడదు.

కొత్త నాలుక

ఈ రోజుల్లో నాలుకకు బదులు ఒక చిన్న యంత్రం వచ్చింది. పెన్ను లాగా ఉంటుంది. నీళ్లమ్మేవారు దాన్ని గ్లాసులో ముంచి, "చూడండి, టి.డి.ఎస్. 300. నీళ్లు బ్రహ్మాండం!" అంటారు. ఆ యంత్రం చేసేదల్లా నీళ్ల గుండా విద్యుత్తు ఎంత తేలికగా పోతున్నదో చూసి, మొత్తం ఉప్పులు ఇంత ఉండవచ్చునని లెక్కకట్టడం. అంటే పాత నాలుక అడిగిన ప్రశ్ననే ఇది అంకెల్లో అడుగుతున్నది: ఎంత ఉప్పు? ఏ ఉప్పు అని అదీ అడగదు.

భారత ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో మొత్తం ఉప్పులు లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు మాత్రం 1 మిల్లీగ్రాము దాటకూడదు. గత్యంతరం లేకపోతే ఒకటిన్నర. పి.హెచ్. 6.5కూ 8.5కూ మధ్య ఉండాలి. 300 చూపించే నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటే అది నూటికి ఒక వంతు. ఆ యంత్రం దాన్ని విడిగా చూపలేదు. ఎముకలకు మాత్రం అది హద్దుకు రెండింతలు. పి.హెచ్. కూడా ఒంటరిగా చూస్తే చాలదు. 8.2 ఉన్న నీరు ప్రమాణంలోనే ఉన్నట్లు లెక్క. దాని వెనక ఉన్నది కాల్షియం బైకార్బనేటా, సోడియం బైకార్బనేటా అన్నది విడిగా చూస్తే తప్ప తెలియదు.

ఆర్.ఓ. యంత్రంలోంచి వచ్చిన నీటిదీ ఇదే పాఠం, ఇంకో కొసన. ఆ పొర ఉప్పులను ఆపుతుంది, వాటితోపాటు బైకార్బనేటునూ చాలావరకు ఆపుతుంది. బొగ్గుపులుసు గాలి మాత్రం పొరలోంచి జారిపోతుంది. కాపలాదారు బయట నిలబడిపోయి, పులుపు లోపలికి వచ్చిందన్నమాట. అందుచేత ఆ నీటి పి.హెచ్. తరచు 7కు కాస్త దిగువన ఉంటుంది. అది చూసి కంగారుపడనక్కరలేదు. ఫ్లోరైడు ఊళ్లలో సరిగా పనిచేసే ఆర్.ఓ. యంత్రం మేలే చేస్తుంది. పొర పాడైన సంగతి మాత్రం పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది.

కనుక బోరు వేయించినవారు, బావి తవ్వించినవారు చేయవలసిన పని ఒకటున్నది. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లాల్లో పరీక్షాశాలలు ఉన్నాయి. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి తీసుకుపోయి, మొత్తం ఉప్పులే కాక నాలుగు సంగతులు విడివిడిగా అడగండి: పి.హెచ్. ఎంత, క్షారం ఎంత, కాల్షియం ఎంత, ఫ్లోరైడు ఎంత? సీసా ప్లాస్టిక్‌దైతే మంచిది. ఫ్లోరైడుకు గాజుతో పొత్తు కుదరదు. క్షారం ఎక్కువ, కాల్షియం తక్కువ అని వస్తే, ఫ్లోరైడు అంకెను రెండుసార్లు చూసుకోండి. బోరును లోతు చేయించినప్పుడల్లా మళ్లీ పరీక్ష చేయించండి. లోతు మారితే నీరు మారుతుంది.

బావికి "మంచినీళ్ల బావి" అని పేరు పెట్టే హక్కు ఇన్నాళ్లూ నాలుకది. ఆ హక్కు తీసేయమని ఎవరూ అనరు. రుచి లేని నీళ్లు ఎవరు మాత్రం తాగుతారు? కాని పాలు తాగే వయసు దాటి, బావినీళ్లు మొదలుపెట్టిన పసివాడి పళ్లు ఇంకా చిగుళ్లలోనే తయారవుతుంటాయి. వాడి తరఫున ఆ రెండో ప్రశ్న అడగవలసినవాళ్లం మనమే.